స్థానికులు తెలిపిన గది

జేసీబీ వచ్చి పశువుల కొట్టం గోడకు మూతి ఆనించినప్పుడు గానీ నాకు పూర్తిగా తలకెక్కలేదు, దాన్ని అక్కడికి పిలిచింది నేను రాసిన వార్తేనని. ఆ వార్త కత్తిరింపుకు ప్లాస్టిక్ పొర వేయించి, మూలలు గుండ్రంగా చేసి, ఫైలులో మొదటి పేజీగా పెట్టారు. కమిటీ కార్యదర్శి దాన్ని నా కళ్ల ముందు పట్టుకుని "ఇది మీరు రాసిందేనాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. దాని మీద నా పేరు లేదు (మాలాంటివాళ్ల పేర్లు వేసేవారు కాదు, పైన ఊరి పేరు వేసి సరిపెట్టేవారు). అయినా నాదేనన్నాను. కొట్టంలో బర్రెలకు మేత వేసే గాడిలో కాళ్లు చాపుకుని కూర్చున్న అవ్వ, "జర గట్టిగ చెప్పు బిడ్డా, మిషను సప్పుడుకు ఇనబడ్తలేదు" అంది.

ఆ రోజుల్లో చేవెళ్లలో విలేకరి అంటే ఒక మోటార్‌సైకిలు, భుజానికో సంచి, మెడలో పత్రిక కార్డు. ఆ కార్డును స్నానానికి తప్ప తీసేవాణ్ని కాదు. మా వార్తలన్నింటికీ సమాచారం ఇచ్చే పెద్దమనిషి ఒకడుండేవాడు. అతని పేరు స్థానికులు. వాగు పొంగిందని తెలిపేది స్థానికులు, షాబాద్ బస్సు రాలేదని ఆవేదన వ్యక్తం చేసేది స్థానికులు, అధికారులు స్పందించాలని కోరేదీ స్థానికులే. నేను ఊరికి వెళ్లి నలుగురిని అడిగిన రోజున వాళ్లు నిజంగా స్థానికులు. వెళ్లలేని రోజున ఆ నలుగురూ నేనే. నేను పుట్టి పెరిగింది చేవెళ్లలోనే కాబట్టి ఇందులో అబద్ధం ఏమీ లేదని నా వాదన. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఇలాంటి వాదనలు చాలా బలంగా కనిపిస్తాయి.

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, బీజాపూర్ రోడ్డు దిగి కొంత లోపలికి పోతే ఒక పాత మిద్దె ఇల్లు ఉంటుంది. చాలా పేరున్న నవలా రచయిత ఇల్లు. ఊళ్లో ఆయన్ని రాతల సారు అనేవారు. నేను పుట్టకముందే పోయాడు. ఒకసారి ఆయన వర్ధంతికి జిల్లా పేజీలో ఆ ఇంటి మీద వార్త కావాలని డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. వెళితే తాళం. కిటికీలోంచి తొంగి చూస్తే తూర్పువైపు గది ఒకటి ఖాళీగా, వెలుతురుగా కనిపించింది. కిటికీ బయట జామచెట్టు. పెరట్లో గడ్డి కోస్తున్న ఒక ముసలామె లేచి "ఎవలు గావాలె బిడ్డా?" అని అడిగింది. "ఎవలొద్దవ్వా, ఫొటో కొరకు వచ్చిన" అని చెప్పి, ఫొటో తీసుకుని వచ్చేశాను. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నానో ఆ ఒక్క మాటను. ఆ ఇంటి సంగతులన్నీ తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి తానే అడిగితే, ఎవరూ వద్దని చెప్పి వచ్చిన విలేకరిని నేను.

వార్త పంపాక డెస్కు ఇన్‌చార్జి మళ్లీ ఫోన్ చేశాడు. "ఏ గదిల కూసొని రాసిండో లేకుంటే అది రచయిత ఇల్లెట్లయితది? జల్దీ చెప్పు, పేజీ అచ్చుకు పోతున్నది." రచయిత అనేవాడు కిటికీ పక్కనే కూర్చుంటాడని నాకు ఎవరు చెప్పారో తెలియదు, సినిమాల్లో చూసి ఉంటాను. "తూర్పు గదిలో కిటికీ పక్కన కూర్చొని, జామచెట్టును చూస్తూ ఆయన తన నవలలన్నీ రాశారని స్థానికులు తెలిపారు" అని చెప్పాను. ఇన్‌చార్జి సంతోషించాడు. మర్నాడు నేనూ సంతోషించాను. చాయ్ హోటల్లో ఆ వాక్యాన్ని ఇద్దరు పైకి చదువుకోవడం నా చెవులతో విన్నాను.

కొన్నేళ్లకు ఆ ఇంటిని బాగు చేయడానికి కమిటీ ఏర్పడింది. కార్యదర్శి కోస్తా నుంచి వచ్చి మోకిలలో ఇల్లు కట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మంచివాడు. రాతల సారు నవలలు ఒక్కోటి మూడేసి సార్లు చదివినవాడు. శని, ఆదివారాలు మట్టి కొట్టుకుపోయి పనిచేసేవాడు. అతని మీద నాకు వచ్చిన కోపం అందుకే ఇంకా ఎక్కువ. ముంగిట్లో అరిగి నున్నబడిన షాబాద్ బండలు పీకించి, పాతకాలం బండల్లా కనిపించే టైల్స్ వేయించాడు. (షాబాద్ అక్కడికి ఎంతో దూరం కాదు. అయినా ఆ టైల్స్ గుజరాత్ నుంచి వచ్చాయి.) తూర్పు గదిలో బల్ల, కుర్చీ, కలం, పాత కళ్లద్దాలు, ఆయన ఇక్కడే రాశారని ఒక బోర్డు పెట్టించాడు. వెనక ఉన్న పశువుల కొట్టాన్ని తీసేసి కార్లు నిలపడానికి స్థలం చేయాలని తీర్మానం రాయించాడు.

ఆ పనుల మీద వార్త రాయడానికి వెళ్లినప్పుడు, అప్పుడు పెరట్లో గడ్డి కోస్తూ కనిపించిన అవ్వతో ఈసారి మాట్లాడాను. వాళ్లది తరాలుగా ఆ ఊరి చర్చిని నమ్ముకున్న కుటుంబం. ఆదివారం పొద్దున చర్చిలో గంట కొట్టేది ఆమే. మిగతా ఆరు రోజులూ, చిన్నప్పటి నుంచీ, ఆ ఇంట్లో పేడ తీసి ఊడ్చిన మనిషి. తూర్పు గదిలో పెట్టిన బల్లను చూపించి "ఎట్లున్నదవ్వా?" అని అడిగాను.

"మంచిగనే ఉన్నది. గని ఆ అర్రల ఆయన ఎన్నడు గూసోలే. అండ్ల వడ్లు పోసేటోళ్లు."

"మరి యాడ రాసేటోడు?"

"కొట్టంల. ఇంటినిండ పోరగాండ్లు, లొల్లి. కొట్టంలకు ఎవ్వరు రాకపోయేది, తన్నే బర్రె ఒకటుండె. దానికి ఆయనొక్కడే అలవాటు."

జామచెట్టు సంగతి కూడా అడిగాను. "అది ఆయన పోయినంక మొలిసింది బిడ్డా. గా పేపర్ల ఎవడో రాసిండట చెట్టును సూసుకుంట రాసిండని. ఆనికి కండ్లు మొలిసినయా లేదా" అంది.

ఆమె నన్ను కొట్టంలోకి తీసుకుపోయి, గాడి వెనక గోడ చూపించింది. నవలలో మనుషులు ఎక్కువైతే ఎవరు ఎవరో మరిచిపోకుండా వాళ్ల పేర్లన్నీ ఆ గోడ మీద బొగ్గుతో రాసుకునేవాడట. ఎవరైనా చనిపోతే ఆ పేరు మీద గీత కొట్టేవాడట. ఏటా సున్నం వేసి వేసి ఏమీ కనిపించడం లేదు. బండి తాళంచెవితో నేను కొంచెం గీకాను. పెచ్చు లేచి, నల్లటి అక్షరాలు రెండు బయటపడ్డాయి. వాటి మీద అడ్డంగా గీత.

"సచ్చినోడు" అంది అవ్వ.

పరుగెత్తుకెళ్లి కార్యదర్శిని పిలుచుకొచ్చాను. అతను కళ్లద్దాలు సర్దుకుని చూసి "ఎవరో పిల్లలు గీసుంటారండీ" అన్నాడు. అవ్వ ఇక్కడే పెరిగింది కదా అంటే, "కాదనను. కానీ అది నోటిమాట కదండీ. మాకు డాక్యుమెంట్ కావాలి. మా దగ్గర ఐదు ఆధారాలున్నాయి" అని ఫైలు తెరిచాడు. మొదటిది నా వార్త. రెండోది మరుసటి ఏడు ఇంకో పత్రికలో వచ్చినది. మూడోది సావనీరులో వ్యాసం, నాలుగోది వెబ్‌సైటు పేజీ, ఐదోది ఎవరిదో సభా ప్రసంగం. ఐదింట్లోనూ కిటికీ ఉంది, ఐదింట్లోనూ జామచెట్టు ఉంది. నా వాక్యం నాలుగు ఇళ్లు తిరిగి, పెద్దమనిషై, నన్నే గుర్తుపట్టకుండా నా ముందుకు వచ్చి నిలబడింది. ఆ క్షణాన నిజం చెప్పవలసింది. చెప్పలేదు. కార్డు మెడలో ఉంది మరి. ఇంటికి వెళ్లి, కొట్టం గురించి కొత్త వార్త రాసి పంపాను. ముందు వేసినదానికి విరుద్ధంగా ఉందని డెస్కులో తీసేశారు.

నాలుగో రోజున జేసీబీ వచ్చింది.

"ఆ చెప్పిన స్థానికులెవరో వాళ్ల పేర్లు చెప్పండి, ఇప్పుడే వెళ్లి మాట్లాడదాం" అన్నాడు కార్యదర్శి. చెప్పక తప్పలేదు. "నేనే" అన్నాను.

గాడిలోంచి అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? నువ్వు పుట్టకముందే ఆయన పాయె గదరా."

కార్యదర్శి ఆ కాగితాన్ని మళ్లీ ఫైలులో పెట్టుకున్నాడు. "అయితే సవరణ వేయించండి. పేపర్లో వస్తే ఈ క్షణం ఆపేస్తాను" అన్నాడు. ఎదురుగా మనిషి ఉంది, గోడ మీద అక్షరం ఉంది, తప్పు రాసినవాడు ఒప్పుకుంటున్నాడు. అయినా పేపర్లో రావాలట. ఒళ్లు మండిపోయింది. అక్కడినుంచే డెస్కుకు ఫోన్ చేశాను.

"గన్నేండ్ల కిందటి వార్తకు సవరణ ఎవడన్న ఏస్తడా? ఎవలన్న కంప్లైంట్ ఇచ్చిన్రా?"

"నేనే ఇస్తున్న, అన్న."

"మన మీద మనమే ఎట్ల ఇచ్చుకుంటం? అయినా అండ్ల స్థానికులు తెలిపారని రాసి ఉన్నది గద. తప్పైతే వాళ్లది తప్పు. మనకేం ఫికర్?"

జేసీబీ పని మొదలుపెట్టింది. కప్పు పోయింది, మూడు గోడలు పోయాయి. నాలుగో గోడకు ఆనుకున్న గాడిలో అవ్వ అలాగే కూర్చుంది. దుమ్ముకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, అంతే. లేవమంటే "మోకాళ్ల నొప్పులు బిడ్డా, లేవస్తలేదు" అంది. (అంతకుముందే చర్చి దగ్గరినుంచి నాకంటే వేగంగా నడిచి వచ్చింది.) డ్రైవరు మిషను ఆపేసి దిగాడు. "ముసలామె లేస్తెనే జేస్త సార్. నాకు ఇంట్ల అమ్మ ఉన్నది" అన్నాడు. పొద్దుగూకేదాకా ఆమె లేవలేదు, ఆ గోడను వదిలేసి మిషనే వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను నగరంలో వేరే పత్రిక డెస్కులో ఉన్నాను. కొత్త విలేకరులు స్థానికులు తెలిపారని రాసి పంపితే, ఎవరు, పేరేమిటి, నీకు ఎక్కడ కలిశారు అని అడుగుతాను. నాకు చాదస్తమని వెనక నవ్వుకుంటారట. నవ్వుకోనీ, మెడలో కార్డు వేసుకున్న ఆనాటి కుర్రాడు తలపుకొచ్చినప్పుడు నాకూ నవ్వే వస్తుంది. కొట్టం గురించి మా పత్రికలో పెద్ద వ్యాసమే రాశాను. కమిటీ దాన్ని ఫైలులో ఆరో కాగితంగా పెట్టి, పక్కన "భిన్నాభిప్రాయం" అని రాసుకుంది. ఇటు ఐదు, అటు ఒకటి. ఆరూ నావే.

తూర్పు గదిలో బోర్డు అలాగే ఉంది. వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి జామచెట్టు పడేలా ఫొటోలు దిగుతున్నారు. వెనక కార్ల మధ్య ఆ ఒక్క గోడ నీలిరంగు ప్లాస్టిక్ పట్టా కప్పుకుని నిలబడి ఉంది. సున్నం గీకడానికి నిపుణులు రావాలంటున్నారు. పోయినప్పుడల్లా అవ్వ "పేపర్ల ఏసిన్రా బిడ్డా?" అని అడుగుతుంది. మొన్న కూడా అడిగింది. సవరణ ఇంకా అచ్చు కాలేదు.