డ్యూక్ గారి జలుబు

మా శర్మిల ఆంటీ ఇంగ్లండు ముఖం ఎన్నడూ చూడలేదు. అయినా రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఏ దొరసాని ఏ పూట ఏ గౌను తొడిగేదో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. సింగపూర్‌లోని క్లెమెంటిలో వాళ్ల ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న నాకు, ఇప్పుడు యూనివర్సిటీ పాఠాల కన్నా ఆ దొరల చుట్టరికాలే బాగా వచ్చు. ముసలి రాజుకు మతి తప్పితే కొడుకు ఆయన పేరున ఏలిన ఆ కొద్ది ఏళ్లనే రీజెన్సీ కాలమంటారట. ఆంటీ ఇంగ్లీషులో రాసే ప్రేమకథలన్నీ అప్పటివే.

ఆవిడ పుట్టింది మలేషియాలో, పెరాక్‌లోని తెలుగు కుటుంబంలో. ఉద్యోగానికని ఇటు వచ్చి, సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుంటుంది. వచ్చేపోయే సైంటిస్టుల ముక్కులూ నడకలూ తన డ్యూకులకు అరువు తెస్తుంది. భర్త హరిదాస్ అంకుల్ తెనాలి మనిషి, లిఫ్టులు బాగుచేసే పని. భార్య రాసినది ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. "ఆ లార్డుల గోల మనకెందుకే" అనేవాడు.

ఎందరో తిప్పి పంపాక, మొన్న లండన్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ ఎడిటరమ్మకు ఆంటీ నవల నచ్చింది. తప్పులు దిద్దితే వేస్తానంది. ఆంటీ కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ తప్పులు మాత్రం అసలు సిసలు సింగపూర్ తప్పులు. ఫిబ్రవరి నెల లండన్‌లో నాయిక చెమటతో తడిసి ముద్దయి విసనకర్ర ఊపుకుంటోంది. డ్యూక్ గారు విందులో అడుగుపెడుతూనే అందరినీ "తిన్నారా?" అని పలకరిస్తున్నాడు. ఈ రెండూ ఆంటీ నవ్వుకుంటూ దిద్దేసింది. మూడోదాని దగ్గర మొండికేసింది.

విందులో నాయిక కుర్చీ మీద చేతిరుమాలు పెట్టి పక్కగదిలోకి వెళుతుంది. ఇక ఎంత రద్దీ ఉన్నా ఆ కుర్చీ జోలికి ఎవరూ పోరు. డ్యూక్ దాని పక్కనే కాపలా నిలబడి, ఆమె రాగానే నడుం వంచి రుమాలు అందిస్తాడు. "ఇలాంటి ఆచారం ఆ కాలంలో లేదు. ఇది తీసేస్తేనే పుస్తకం" అని తేల్చేసింది ఎడిటరమ్మ. హాకర్ సెంటర్‌లో, అంటే తిండి అంగళ్ల దగ్గర, టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ బల్ల నాదని ‘చోప్’ చేసుకునే ఊళ్లో బతికే మనిషికి, లోకంలో ఎక్కడైనా ఈ ఆచారం లేదంటే ఎలా నమ్మబుద్ధవుతుంది?

"తీసెయ్యండి ఆంటీ, లేకపోతే పుస్తకం పోతుంది" అన్నాను.

"అలామక్! అది తీస్తే ఇంకేం కథ లా? నేనూ మీ అంకులూ కలిసిందే అట్లా" అంది, కంగారులో సింగపూర్ యాస దొర్లించి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. ఆవిడకు పుస్తకమూ కావాలి, ఆ కుర్చీ కూడా కావాలి.

సోఫాలో క్రికెట్ చూస్తున్న అంకుల్ టీవీ కట్టేశాడు. "మనం పుస్తకంలో ఉన్నామా? ఏదీ, చదువు కావ్యా" అన్నాడు నాతో. నేను తెలుగులో చెప్పుకొచ్చాను. డ్యూక్ నడుం వంచే చోటికి రాగానే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అంతా అబద్ధం! ఎక్కడి వంగడం, ఎక్కడి అందించడం? అప్పటికి నేను ఊర్నించి దిగి వారం కూడా కాలా. చోపో గీపో నాకేం తెల్సు? పడిశెం పట్టి ముక్కు కారతా ఉంది. బల్ల మీద టిష్యూలు కనపడితే హోటలోళ్లు పెట్టారనుకుని, శుభ్రంగా చీదేసి కూచున్నా. అప్పుడు నువ్వు తిట్టిన తిట్లు ఈ పిల్లకి చెప్పవే!"

"ఛీ, డ్యూక్ ముక్కు చీదుతాడా?"

"ఏం, డ్యూకులకి పడిశెం పట్టదా?"

ఆంటీ మూతి ముడుచుకుంది. ఉన్నట్టుండి లాప్‌టాప్ లాక్కుంది. "ఆచారం లేదు అనే కదా ఆమె గోల? లేకపోతే ఇంకా మంచిది. ఈ డ్యూక్‌కీ తెలీదు లా!" అంది. ఎడిటరమ్మ దిద్దించిన ఫిబ్రవరి చలికే డ్యూక్ గారికి జలుబు చేసింది. దిక్కులేని రుమాలేదో కుర్చీలో పడి ఉందనుకుని, అందులోనే చీదేసి కూర్చున్నాడు. ఆ తర్వాత నాయిక తిట్టిన తిట్ల కోసం ఆంటీ ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది.

జవాబు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. "పాత డ్యూక్ మర్యాదస్థుడు. ఈ డ్యూక్‌నైతే పెళ్లి చేసుకోవచ్చు. పుస్తకం వేస్తున్నాం" అని రాసింది ఎడిటరమ్మ. ఆంటీ పైకి చదివి, ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

అంకుల్ జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి చాచాడు. "ఇదుగో, ఇన్నాళ్లకి అందించా. వంగమంటావా?"

"వంగండి" అంది ఆంటీ, ముక్కు ఎగబీలుస్తూ.

నడుం నొప్పితో అబ్బా అంటూనే వంగాడు.