కూపను ముందా, శాతం ముందా

2018 జూలైలో నేను నరసన్నపేటలో ఒక జూనియర్ కళాశాలలో గణితం జూనియర్ లెక్చరర్‌ని. సర్వీసు ఇరవై ఆరేళ్లు, హోదా మాత్రం చేరిన రోజుదే. ఆ నెలాఖరున మా ప్రిన్సిపాలు రిటైరవుతున్నారు. దిగిపోయే ప్రిన్సిపాలు దంపతులకు స్టాఫంతా చందాలేసుకుని పట్టుబట్టలు పెట్టడం మా రివాజు. లెక్కల మనిషిని కదా అని కొనే పని నాకు అప్పగించారు. ఆషాఢంలో కొత్తబట్టలేమిటని ఎవరూ అనలేదు. తగ్గింపు ఎంతని మాత్రం అందరూ అడిగారు.

ముందే బట్టల షాపుకెళ్లి బోర్డు చూసి వచ్చాను. ఇరవై శాతం తగ్గింపు, ఆపైన అదనంగా మరో పది శాతం, ఐదువందల కూపను. స్టాఫ్ రూములో కాగితం కూడా ముట్టకుండా తేల్చేశాను: పదివేల బట్టలు, ముప్ఫై శాతం పోతే ఏడువేలు, కూపను పోతే ఆరువేల ఐదువందలు. ఆ మేరకే చందాలు వసూలు చేశాం.

బిల్లు కౌంటరులో ఈశ్వరి ఉంది. ఒకప్పుడు నా దగ్గరే ఇంటర్ చదివింది. తండ్రి మంచాన పడ్డాక ఇల్లు ఆ పిల్ల జీతం మీదే నడుస్తోందని నాకు తెలుసు. బిల్లు ఆరువేల ఏడువందలు వేసింది. స్టాఫ్ రూములో కొట్టిన డప్పంతా గుర్తొచ్చి, ఇరవై, పది కలిపితే ముప్ఫై కదా అని షాపంతా వినబడేలా గొంతు పెంచాను.

"ముప్ఫై కాదండి మాస్టారూ," అంది నెమ్మదిగా. "ఇరవై తీసేసినాక ఎనిమిదివేలు ఉంటాది. ఆ ఎనిమిదివేల మీదే కంప్యూటరు పది తీస్తాది. మీరు సెప్పిన పాఠమే కదండి."

నేను చెప్పిన పాఠమే. సంయుక్త ప్రమేయం: మొదటి ప్రమేయం నుంచి వచ్చిన విలువను రెండో ప్రమేయంలో పెట్టడం. క్రమం మారితే ఫలితం మారవచ్చు. రెండు మార్కుల ప్రశ్న అని ఏటా పిల్లల చేత బట్టీ పట్టించాను. మార్కులకు తప్ప దేనికైనా పనికొస్తుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అక్కడితో నోరు మూసుకుని ఉండాల్సింది. నలుగురూ చూస్తున్నారు కదా, యజమానిని పిలవమన్నాను.

ఆయన వచ్చి, బిల్లు చూసి, నన్ను వదిలేసి ఆమె మీద పడ్డాడు. "నేనేటి సెప్పానమ్మా? కూపను ముందు కొట్టమన్నానా, ఆకర్న కొట్టమన్నానా?"

ఆ షాపులో తగ్గింపులను ఏ వరసలో ఎక్కించాలో కౌంటరులో కూర్చున్న మనిషే కంప్యూటరుకు చెప్పాలి. కూపను ముందు అన్నది యజమాని నోటిమాట. పదివేలలో ఐదువందలు ముందే తీసి, మిగిలినదాని మీద ఇరవై, పది తీస్తే ఆరువేల ఎనిమిదివందల నలభై. శాతాలు రెండూ తమలో తాము చోటు మార్చుకున్నా తేడా రాదు; కూపను చోటు మారితేనే నూట నలభై అటో ఇటో అవుతుంది. చదువు చెప్పిన మాస్టారని ఈశ్వరి ఆ నూట నలభై నాకు మిగిల్చింది. యజమానిని పిలిచి మరీ ఆ సంగతి బయటపెట్టిన ఘనుణ్ని నేను.

బోర్డు మీద క్రమం రాయలేదు కాబట్టి ఆమె చేసింది తప్పు కాదని వాదించాను. వాదన సరైనదే. యజమాని నవ్వాడు. "ఇందాకా ఇరవై, పది కలిపితే ముప్ఫై అన్నది తమరే కదేటి మాస్టారూ. ఇప్పుడు ఏ లెక్క నమ్మమంటారు?"

ఆరువేల ఎనిమిదివందల నలభై కట్టాను; తేడా నా జేబులోంచే. ఈశ్వరిని ఆ రోజే కౌంటరు నుంచి తీసి చీరలు మడతపెట్టే పనిలో వేశారు, జీతం తగ్గించారు. క్షమించమని అడగడానికి వెళ్తే, "మీరు ఊరుకుని డబ్బులు కట్టీసుంటే సరిపోయీది కదండి," అంది. కోపంగా కూడా అనలేదు. నాకు సిగ్గేసింది.

వీడ్కోలు సభలో మంచి బట్టలు చవకగా తెచ్చానని నన్ను పొగిడి చప్పట్లు కొట్టారు. నేను సరిదిద్దలేదు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది: తప్పు లెక్కతో ఒకసారి గొంతు పెంచినవాడు ఆ తర్వాత సరైన లెక్క చెప్పినా ఎవరూ వినరు. అందుకు నాకు పడిన జరిమానా మూడువందల నలభై, ఒక్కసారి. ఈశ్వరికి ప్రతి నెలా.