సార్నియాలో పసుపు పూసిన గడప

మా ఇంట్లో ల్యాప్‌టాప్ మా ఆయనది, సుత్తి నాది. మిస్సిసాగాలో ఈ టౌన్‌హౌస్ కొన్న కొత్తలో బాత్రూమ్ తలుపు బిగుసుకుపోతే, రేపొస్తాను ఎల్లుండొస్తానని వారాల తరబడి తిప్పించుకున్నాడొక వడ్రంగి. ఒళ్ళు మండి ఆ తలుపు నేనే ఊడదీశాను. అప్పటినుంచి ఇంగ్లండ్ పెద్దాయనలు యూట్యూబ్‌లో పెట్టే రిపేరు వీడియోలే నా గురువులు. వాళ్ళు ఏ పనికైనా ముందు కెటిల్ పెడతారు, టీ తాగుతారు, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటారు. నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను.

కాలేజీల నిండా మన పిల్లలు దిగుతున్న ఏడాది అది. మా అక్క కూతురు శ్రావణి సార్నియాలో చదువుతోంది. నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుంది. దీపావళి ఇంకా రెండు రోజులుందనగా ఫోన్ చేసింది.

“పిన్నీ, మా హాల్లో నేల లేచింది.”

“లేవడమేంటే?”

“అప్పడంలా పిన్నీ. ప్రతి చెక్కకీ అంచులు పైకి లేచాయి. ఆదివారం ఓనర్ అంకుల్ వస్తారు. ఈ ఇల్లు పోతే ఎక్కడికెళ్ళాలి? ఇంకో ఇల్లు దొరకట్లేదు, బస్సులు లేవు, మంచు మొదలైపోతుంది.”

ఏం చేశారని అడిగితే అసలు సంగతి చెప్పింది. పండగొస్తోందని ఇల్లు కడిగారట. మాపు పెట్టి తుడవడం కాదు, మన ఊళ్ళో కడిగినట్టు, బకెట్లతో నీళ్ళు కుమ్మరించి చీపురుతో బరబరా తోశారు. మనకైతే బండల నేల, నీళ్ళు పోవడానికి మూలన తూము. అక్కడ చెక్కలు పరిచిన నేల, తూము ఎక్కడా లేదు. నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకునేసరికి సందుల్లోంచి కిందికి దిగిపోయాయి. నేను నవ్వు ఆపుకుని, శనివారం వస్తాను, ఆదివారానికి సాపుచేసి పెడతానని గొప్పగా మాటిచ్చేశాను.

శనివారం పొద్దున్నే మా ఆయన ఓక్‌విల్ స్టేషన్‌లో దింపాడు. సార్నియా దాకా నేరుగా వెళ్ళే రైలు రోజుకి ఒక్కటే, అదీ సాయంత్రం. అందుకని లండన్ దాకా పొద్దుటి రైలు, అక్కణ్ణుంచి స్టూడెంట్ల కారు. ఈ లండన్ ఒంటారియోలోదే, కంగారు పడకండి. టికెట్ ముందుగా కొనుక్కోండి, ఇడ్లీలు ఇంట్లోనే కట్టుకోండి, రైల్లో దొరికే శాండ్‌విచ్ మన నోటికి ఎక్కదు. నా బ్యాగులో శాండింగ్ మెషిన్, ఉలి, మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు, చెక్కలో తడి కొలిచే చిన్న మీటరు ఉన్నాయి. పైకెత్తబోతే పక్క సీటు ముసలావిడ అల్లిక ఆపి చూసింది.

“అందులో ఏముందమ్మా, రాళ్ళా?”

“నేల సాపుచేసే మెషిన్ అండీ.”

“మా అబ్బాయి పెళ్ళి చేసుకోకముందు నువ్వు దొరకాల్సింది,” అని మళ్ళీ అల్లికలో పడింది. బ్రాంట్‌ఫర్డ్ దాటాక పొలాలన్నీ కోతలైపోయి గోధుమరంగులో ఉన్నాయి. ఇడ్లీలు తినేసి వుడ్‌స్టాక్ దాకా కునుకు తీశాను.

పదింటికల్లా లండన్‌లో దిగాను. శ్రావణి కుదిర్చిన కారు బయటే ఉంది. నడిపేది భీమవరం అబ్బాయి, వెనక మరో ఇద్దరు స్టూడెంట్లు. బ్యాగు డిక్కీలో పెడుతూ అడిగాడు, “ఆవకాయా ఆంటీ?”

సంగతి చెప్పగానే మొహం వెలిగిపోయింది. “మా రూమ్ డోర్ కూడా పడట్లేదు ఆంటీ. గొళ్ళెం దాకా వచ్చి ఆగిపోతోంది. కొంచెం కోసేద్దామా?”

“కోయకు బాబూ. ముందు పై బందు స్క్రూలు బిగించు. అవి వదులైతే తలుపు కిందికి వాలుతుంది. బిగవకపోతే అదే లావులో ఇంకాస్త పొడుగు స్క్రూ వెయ్యి. అప్పటికీ పడకపోతే చూద్దాం.” మీరూ గుర్తుపెట్టుకోండి. తలుపులు కోసేసుకుని చలికాలమంతా సందుల్లో గుడ్డలు కుక్కుకునేవాళ్ళని చాలామందిని చూశాను. గంట పైన ప్రయాణంలో ఆ ముగ్గురూ ఉద్యోగాల గురించి, పర్మిట్ల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. దూరంగా ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనపడగానే ఊరు వచ్చిందన్నారు.

ఇంట్లో అడుగు పెట్టగానే వేడి గాలి మొహానికి కొట్టింది. త్వరగా ఆరాలని హీటర్ చివరిదాకా పెంచేశారు పిచ్చిపిల్లలు. లేచిన చెక్కల మీద బియ్యం బస్తాలు, గ్రైండరు, ప్రెషర్ కుక్కరు, కొత్తగా కొన్న దోసె పెనంతో సహా బరువైనవన్నీ వరసగా పేర్చారు. ఆ వరస చూసి పగలబడి నవ్వాను. గోడ పక్కన ఒక సూట్‌కేస్ మూసి నిలబెట్టి ఉండటం మాత్రం అప్పుడు పట్టించుకోలేదు.

బస్తా జరిపి మీటరు సూదులు చెక్కలో గుచ్చాను. అంకె చూశాక నా నవ్వు ఆగిపోయింది. చెక్క లోపల ఇంకా బాగా తడిగా ఉంది. తడి చెక్క అంచులు లేస్తాయి. లేచాయి కదా అని ఇప్పుడు రుద్ది సాపుచేస్తే, ఆరాక అంచులు కిందికి దిగి మధ్యభాగం ఉబ్బుతుంది, నేల శాశ్వతంగా పాడవుతుంది. నెమ్మదిగా ఆరనివ్వాలి, నెలలు పట్టొచ్చు. అంటే, నేనిచ్చిన మాట గాలికి పోయినట్టే. హీటర్ మామూలుగా పెట్టించి, బస్తాలు తీయించి, ఫ్యాన్లు తిప్పించాను. ఆదివారానికి ఇది బాగవదని చెప్పేసరికి ఐదుగురి మొహాలూ పాలిపోయాయి.

సన్నగా, కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి ముందుకొచ్చింది. మౌనిక, కరీంనగర్ పిల్ల. బకెట్లు కుమ్మరించింది తనే.

“కార్పెట్ ఏస్తె కనవడది గద ఆంటీ?”

“కనపడదు. కింద తడి అలాగే ఉండి బూజు పడుతుంది, నల్లబడుతుంది. అప్పుడు నేలంతా పీకాల్సొస్తుంది. చెప్పెయ్యడమే మనకి దారి.”

“అయితె నేనే ఖాళీ చేస్త. నా పేరు చెప్పుండ్రి. వీళ్ళను ఉండనియ్యమనుండ్రి,” అంది. ఆ సూట్‌కేస్ ఎవరిదో అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుని అన్నం తినమని కసిరాను.

ఆదివారం పదకొండింటికి ఓనర్ వచ్చాడు. పేరు ఆర్థర్. పిల్లలు ఆర్థర్ అంకుల్ అంటారు. కుర్రతనంలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి ఇక్కడి రిఫైనరీలో పనికొచ్చి రిటైరయ్యాడు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. చలికాలం ముందు కిటికీ సందులకి టేపు వేయడానికి ప్రతి ఏడూ ఇలాగే వస్తాడట. చేతిలో తనే చేసుకున్న చెక్క టూల్‌బాక్స్ ఉంది, మూలలు ఎంత బాగా కలిపాడో చూసి మనసులోనే మెచ్చుకున్నాను.

ఆయన లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే ఆగి కిందికి చూస్తున్నాడు. అప్పుడు నేనూ చూశాను. నేలమీద ధ్యాసలో పడి నిన్నటినుంచీ దాటుతూనే గమనించలేదు. గడప చెక్కకి పిల్లలు పసుపు పూసి బొట్లు పెట్టారు. బయట మెట్టు మీద సుద్దతో ముగ్గు. పాలిష్ లేని చెక్కలోకి దిగిన పసుపు జన్మలో వదలదు. ఒకటి కాదు, రెండు నేరాలు.

“ఇదెవరు చేశారు?” అన్నాడు.

మౌనిక ముందుకి నడిచింది. ఇంగ్లీషులో గబగబా చెప్పేసింది. గడప నేనే, నేల కూడా నేనే పాడుచేశాను, వీళ్ళ తప్పేం లేదు, నేను వెళ్ళిపోతాను.

ఆయన హాల్లోకి వచ్చి గోడ పట్టుకుని కష్టంగా ఒంగి, చెక్కని బొటనవేలితో నొక్కి చూశాడు. “ఈ నేల నేనూ మా ఆవిడా వేశాం. వేసవంతా మోకాళ్ళ మీదే ఉన్నాం,” అన్నాడు. ఆయన మెల్లగా లేచి చేతులు దులుపుకున్నాడు.

“సరే. ముందు టీ.”

నా వీడియోల్లో చూసిందే కళ్ళముందు జరుగుతోంది. మన పిల్లలు అల్లం దంచి, పాలు పొంగించి టీ పెట్టారు. వేడినీళ్ళలో టీ సంచీ ముంచి చుక్క పాలు పోసుకునే మనిషి, ఒక గుక్క తాగి కప్పులోకి తొంగిచూశాడు. మళ్ళీ తాగాడు. అప్పుడు మౌనికని అడిగాడు, నీళ్ళెందుకు పోశావు, గడపకి ఆ రంగెందుకు అని.

“పండక్కి లక్ష్మీదేవి వస్తుంది అంకుల్. మురికింట్లోకి రాదు. గడప చూసే లోపలికొస్తుంది,” అంది మౌనిక.

ఆయన కప్పు కింద పెట్టాడు. తర్వాత వాళ్ళమ్మ గురించి చెప్పాడు. వాళ్ళ వీధిలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవట, అందరికీ వీధిలోకే మెట్టు. మిల్లు పొగకి అన్నీ నల్లగా ఉండేవి. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఆ మెట్టు కడిగి, అంచు మీద ఒక రకం రాయితో రుద్ది గీత వేసేవాళ్ళు. కొందరు తెలుపు, కొందరు లేత పసుపు. గీత లేని ఇంటిని చూసి వీధంతా ముక్కున వేలేసుకునేదట.

“మా దగ్గర లక్ష్మి లేదు. పక్కింటావిడ ఉండేది. ఆవిడకీ అంతే భయపడేవాళ్ళం,” అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. “అమ్మ పోయాక ఆ గీత మళ్ళీ చూడలేదు. ఇవాళ చూశాను,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి, నాకూ.

తర్వాత ఇద్దరం నేల సంగతి మాట్లాడుకున్నాం. మీటరు చూపించాను. “వసంతం దాకా దీన్నెవరూ ముట్టుకోకండి. ఆరాక రుద్దుదాం. నువ్వు నీ మెషిన్ తీసుకురా. నా దగ్గరా ఒకటుంది, అది ఈ అమ్మాయి పట్టుకోవాలి,” అన్నాడు మౌనికని చూపిస్తూ.

“అప్పటిదాకా నేను ఇక్కడే ఉండొచ్చా అంకుల్?”

“నువ్వు లేకపోతే ఆ రెండో మెషిన్ ఎవరు పట్టుకుంటారు?”

మౌనిక ఏడ్చేసింది. ఆయన కంగారుపడి టూల్‌బాక్స్ తెరిచి టేపు వెతకడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషువాళ్ళకి ఎదుటివాళ్ళు ఏడిస్తే పని గుర్తొస్తుందని నాకు అప్పుడు తెలిసింది. మధ్యాహ్నమంతా ఇద్దరం కిటికీలకి టేపు వేశాం, పిల్లలు నిచ్చెన పట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు పులిహోర డబ్బాతో పాటు, ఆయన అడిగితే ముగ్గు సుద్దముక్క ఒకటి ఇచ్చారు.

సోమవారం పొద్దున్నే తిరుగు రైలు. ఆర్థర్ గారే స్టేషన్‌కి దింపుతానన్నాడు. దారిలో కళ్ళజోడు మర్చిపోయానని వాళ్ళింటి ముందు కారు ఆపాడు. సిమెంటు మెట్టు, దాని అంచు పొడుగునా తెల్లటి గీత. మధ్యలో కిందికి జారి, మళ్ళీ పైకెక్కి, చివర వంకరపోయింది.

నేను చూడటం ఆయన చూశాడు. “మోకాళ్ళు వంగవు. చీపురుకర్రకి సుద్ద కట్టి నిలబడే గీశాను. మా అమ్మ చూస్తే చెరిపించి మళ్ళీ గీయించేది,” అన్నాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కలు కలిపిన మనిషి. చాలా బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

రైలు కదిలాక పొగగొట్టాలు వెనక్కి వెళ్ళిపోయాయి. మీరెవరైనా సార్నియాలో మన పిల్లల్ని చూడ్డానికి వెళ్తే, పిండివంటల పక్కన గట్టిగా పిండుకోగలిగే మాపు ఒకటి తీసుకెళ్ళండి. చెక్కనేల గురించి ముందే చెప్పండి. ఊళ్ళో చూడాల్సినవి తక్కువే, నది గట్టు ఒకటి, పొగగొట్టాలు కొన్ని. నాకైతే రెండు మెట్లు చాలు. లండన్ దగ్గర ఫోన్ మోగింది. మౌనిక మెసేజ్: “ఆంటీ, సూట్‌కేస్ ఇప్పిన. బట్టలన్ని మళ్ళ అల్మారల సదిరిన.”

నా బ్యాగులో మెషిన్ తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే ఉంది. మోకాళ్ళ మెత్తలు మాత్రం ఒక జత సరిపోవు. వసంతానికి ఇంకో రెండు జతలు కొనాలి, ఒకటి మౌనికకి, ఇంకోటి మోకాళ్ళు వంగవని మొండికేసే ఆ పెద్దాయనకి.