ఆకుపచ్చ రంగు వేసిన కొండ

ఆ రోజుల్లో మా వైపు ఒక మనిషి ఎవరింట్లో దాహం తీర్చుకున్నాడో చూసి, అతనిది ఏ పార్టీయో తేల్చేసేవారు. అన్ని లెక్కలూ సొంతంగా నేర్చుకున్న నాకు ఈ లెక్క మాత్రం రాలేదు. ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ గదిలో పుస్తకం ముందు పెట్టుకుని, కంప్యూటర్లో పటాలు గీసే జి.ఐ.ఎస్. పట్టుబడేదాకా కుస్తీ పట్టాను. కొండచరియలు ఎక్కడ విరిగిపడతాయో పటం గీసే పని దొరికింది. వాలుకు ఇన్ని మార్కులు, రాతికి ఇన్ని, వాగో వంకో దగ్గరుంటే ఇన్ని. అన్నీ కూడితే ప్రమాదానికి ఎరుపు, మధ్యరకానికి నారింజ, భయం లేనిచోట ఆకుపచ్చ. (మధ్యదానికి మొదట పసుపు వేశాను. ఎన్నికల ముందు పార్టీ రంగులెందుకని మా పెద్దసారు మార్పించారు.)

జమ్మలమడుగు అవతల, కొండ కింది ఊరికి కొలతలకు వెళ్లాను. తూర్పు వీధి ఒక పార్టీ, పడమటి వీధి ఇంకొకటి. తూర్పు వైపు కొలిచి, ఎండకు తాళలేక ఆ వీధి పెద్దాయన ఇంట్లో మజ్జిగ తాగాను. పడమటి వీధి మొదట్లోనే ఒక మామ కట్టె అడ్డం పెట్టాడు.

"యాడికప్పా?"

"కొండ వాలు కొలవాల మామా."

"ఆడ మజ్జిగ తాగి ఈడ కొలుస్తావా? పో, నీ టేపు గూడా వాళ్లదే."

వెనక్కి వచ్చేశాను. సగం కొండ చూడలేదని రాయడానికి సిగ్గేసి, పాత సర్వే పటంలోని ఎత్తు గీతలను బట్టి ఆ వాలు లెక్కగట్టాను. (కాలు పెట్టని కొండకు రెండు దశాంశాల దాకా.) తూర్పు ఎరుపైంది, పడమర ఆకుపచ్చైంది.

పటం పంచాయతీ గోడకెక్కగానే తూర్పు పెద్దాయన పిలిపించాడు. "మా మజ్జిగ తాగి మాకే ఎరుపు పూస్తివే. పులిసిపోయిండెనా ఏంది?" పడమటి మామేమో, "కొలవనీకుండా తరిమినా న్యాయంగా కొలిచినాడప్పా" అని ఊరంతా మెచ్చుకున్నాడు. దాన్ని పటంగా నమ్మింది ఒకే ఒక్క మనిషి. గొర్రెలు మేపుకునే ఒంటరి అవ్వ, ఇంట్లో ఒకటే ఓటు కాబట్టి ఏ పార్టీకీ పట్టని మనిషి. ఆమె తన దొడ్డిని ఎరుపు కింది నుంచి ఆకుపచ్చ కిందికి మార్చుకుంది.

ఆ ఏడు ముసురు పట్టింది. పడమటి వైపు ఇళ్లకోసం రాళ్లు తీసి తీసి కొండ మొదలును బోలు చేశారట. పాత పటంలో ఆ గుంత లేదు. చరియ జారి దొడ్డి మీద పడింది. పదకొండు గొర్రెలు పోయాయి.

నేను వెళ్లేసరికి అవ్వ మట్టిలోంచి దొడ్డి ముళ్లకంప లాగుతోంది.

"అవ్వా, ఈ పక్క నేను కొలవల్యా" అన్నాను.

"కొలవకుంటే రంగెట్ల తెలిసె నాయనా?"

తిట్టలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేనూ ఒక పక్క కంప పట్టి లాగాను. కాసేపటికి చెంబుతో నీళ్లిచ్చి, "తాగు, నాది యా పార్టీ కాదులే" అంది.

ఇప్పుడు నా పటాల్లో నాలుగో రంగు ఉంటుంది, తెలుపు. నేను నడవని చోటని దాని అర్థం. ఇంత అనుభవం ఉండి ఇంత తెలుపేమిటని ఆఫీసులో కొత్తవాళ్లు నవ్వుతారు. రెండు దశాంశాల ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను.