గుమ్మంలో చార్జింగ్

మా అక్క స్కూటర్ మీద కప్పిన దుప్పటి లాగేసి ప్లగ్గు పీకేశాను. చార్జర్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది.

పోలియో వల్ల అక్క నడవలేదు. వన్ టౌన్‌లోని అద్దె ఇంటి నుంచి బజారుకైనా చర్చికైనా ఆ మూడు చక్రాల బ్యాటరీ బండి మీదే వెళుతుంది. పక్కనే మిరపకాయల గోడౌన్. ఆ దుమ్ము పడకుండా, చార్జింగ్ పెట్టినప్పుడల్లా దుప్పటి కప్పేది.

"చంటిపిల్లకి కప్పినట్టు కప్పావేంటక్కా? దానికి గాలాడాలి."

"దుమ్ము నువ్వొచ్చి తుడుస్తావా?"

చివరికి దుప్పటి మానేసింది. కానీ ఇంట్లో ఉన్నవి రెండే ప్లగ్గులు, ఒకటి గుమ్మం దగ్గర, రెండోది గ్యాస్ పొయ్యి పక్కన. కాబట్టి బండిని గుమ్మంలోనే పెట్టాలి. ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే, అక్కడ మంటలేస్తే అక్కకి బయటపడే దారి లేదు. అరుగు మీద ప్లగ్గు పెట్టించమని ఇంటాయన్ని చాలాసార్లు అడిగాం. "చూద్దాం లెండి" అంటాడు. బండి ఇంకా గుమ్మంలోనే చార్జవుతోంది.