కషాయాన్ని సరిచేసిన వంటమాస్టారు

గరిటె అంచు నుంచి ఒక్క బొట్టు ఎడమచేతి మణికట్టు మీద వేసుకుంటాడు. నాకుతాడు. కళ్లు మూసుకుంటాడు. "ఇంకా ఏదో తక్కువైంది" అంటాడు. కూర బాగున్నా అదే మాట, బాగుండకపోయినా అదే మాట.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్లుగా ఆయనే వంటమాస్టారు. మూడు పొయ్యిలు, ఆరు గుండిగలు, మూడువందల మంది. పొయ్యి ముందు నిలబడితే ఆయనకు కాళ్లనొప్పి తెలియదు. ఇంట్లో కూర్చుంటేనే తెలుస్తుంది.

ఈ మధ్య కడుపు మొరాయించింది. రెండు ముద్దలకే నిండిపోయేది. ఉబ్బరం, తేన్పులు. పరీక్షలు చూసిన డాక్టరమ్మ కాలేయానికి కొవ్వు పట్టిందన్నది. నూనె, తీపి మానమన్నది. "రెండు నెలల్లో తగ్గకపోతే పొయ్యి దగ్గర పని వదిలేయాలి" అన్నది. ఆ మాటకు ఆయన ముఖం అడుగంటిన గిన్నెలా అయింది.

ఆయన అక్క ఊరుకుంటుందా? ఆమె డాబా మీద కుండీల్లో నేలవేము పెంచి, ఆ చేదాకుతో కషాయం కాస్తుంది. వీధిలో ఎవరికి అరక్కపోయినా ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. ఆ కషాయం సంగతి డాక్టరమ్మను అడిగితే, "పొద్దున అరకప్పు తాగొచ్చు, పథ్యం మాత్రం తప్పకూడదు" అన్నది.

మొదటి గుక్కకే ఆయన చెవులు కదిలాయి. మధ్యాహ్నం దాకా చేదు నాలుకను వదల్లేదు. ఆ రోజు కూరలో ఉప్పుందో లేదో ఆయనకు తెలియలేదు. వంటవాడికి నాలుక పోతే ఇంకేం మిగిలింది?

మర్నాటి నుంచి కషాయం తనే కాచుకుంటానన్నాడు. కాచాడు, రుచి చూశాడు. ఏదో తక్కువైంది. తేనె వేశాడు. మరో రోజు ఆకును వెన్నలో వేయించాడు. వారం తిరిగేసరికి జీడిపప్పు పొడి కూడా చేరింది. మందు ఎంత బుద్ధిగా తాగుతున్నాడో అని భార్య మురిసిపోయింది. పక్కింటాయన రోజూ వచ్చి ఓ కప్పు అడిగి మరీ తాగి వెళ్లేవాడు.

నెల తర్వాత పరీక్షలో అంకెలు పెరిగాయి. ఆ సాయంత్రం అక్క వంటింట్లోకి వచ్చి, గిన్నెలో మిగిలిన కషాయం చెంచాడు నోట్లో వేసుకుంది.

"ఒరేయ్, ఇది మందా, విందా?"

"చేదు విరగాలని కాస్త సరిచేశానక్కా."

"సరిచేయడానికి ఇదేమన్నా నీ క్యాంటీన్ కూరా? చేదు లేని నేలవేము తాగేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

"నాలుక మొద్దుబారితే మూడువందల మందికి ఏం పెట్టను?"

భార్యకు ఏదో తట్టింది. "రోజుకి ఎన్నిసార్లు రుచి చూస్తారండీ?"

"ఓ నలభై, యాభై."

"ఇంట్లో నేను చుక్క నూనె లేకుండా వండి చస్తుంటే, అక్కడ బొట్టు బొట్టుగా గిన్నెడు లాగిస్తున్నారన్నమాట!"

"అది తినడం కాదే. చూడడం."

"ఆ సంగతి మీ కాలేయానికి చెప్పండి. మీ క్యాంటీన్ వంటింట్లో ఇంకెవరికీ నాలుక లేదా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంకా ఒక్క నెలే ఉంది.

మర్నాడు పొద్దున అక్క కాచిన కషాయం ఒక్క గుక్కలో తాగేశాడు. ముఖం అష్టవంకర్లు తిరిగింది. అలాగే క్యాంటీన్‌కు వెళ్లాడు. పదకొండింటికి కూర దించి, గిన్నెలు కడిగే ఆవిడను పిలిచి గరిటె చేతికిచ్చాడు. పదిహేనేళ్లుగా ఆమె ఆ గుండిగల అడుగులే చూసింది. ఊదుకుని రుచి చూసింది.

"ఎలా ఉంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"చెబితే ఏమీ అనుకోరుగా మాస్టారూ?"

"అనుకోను."

"ఉప్పెక్కువైంది. ఇవాళే కాదు, ఎప్పుడూ ఎక్కువేనంట. తిన్నవాళ్లంతా అంటారు."

ఆయన గుండిగలో రెండు చెంబుల వేడినీళ్లు పోసి కలిపి, గరిటె మళ్లీ ఆమె చేతికే ఇచ్చాడు.