నూతిలో పోసిన రెండు బిందెలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెంబు చప్పుడైతే చాలు, అమ్మ ఎక్కడున్నా తల తిప్పి చూసేది. నీళ్ళు ఎవరు ముంచుతున్నారో, ఎందుకు ముంచుతున్నారో ఆవిడకు తెలియాలి. ఆ నీళ్ళు అమ్మ నెత్తిమీద వచ్చినవి మరి. ఆనందపురం దాటాక కొండవారన మా పల్లె. మా వైపు కొండవాగును గెడ్డ అంటారు. ఆ గెడ్డ మా ఇంటికి దూరం. ఎండాకాలంలో అది ఎండి సన్నటి ధారైపోయేది. ఇసకలో చెలమ తీసి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, చెంబుతో బిందె నింపుకుని రావాలి. రోజుకి అయిదారుసార్లు తిరిగేది అమ్మ.

నేను మోయలేను. పసితనంలో వచ్చిన జ్వరానికి నా ఎడమకాలు సన్నబడిపోయింది. బడి గెడ్డకు అవతల ఉండేది కాబట్టి బడికీ వెళ్ళలేదు. మా నాన్నే పొలం నుంచి వచ్చాక అరుగుమీద ఇసక పోసి అక్షరాలు దిద్దించేవాడు. ఆయన పెట్టిన ఆ భిక్షతోనే ఈవేళ ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఎనిమిదో నెలలో ఒకనాడు గెడ్డ నుంచి వస్తూ మా వాకిట్లోనే జారిపడింది. బిందెకు సొట్ట పడింది. అమ్మ ముందు బిందె చూసుకుంది, తరవాత కడుపు తడుముకుంది. నేను అరుగుమీద నుంచి అదంతా చూశాను. ఆ రాత్రే మా నాన్న పెరట్లో నుయ్యి తవ్వించాలని నిశ్చయించుకున్నాడు.

నూతులు తవ్వే మేస్త్రి విజయనగరం వైపు నుంచి వచ్చాడు. వెంట తమ్ముడూ, భార్యా. మేస్త్రీ, తమ్ముడూ లోపల తవ్వుతుంటే ఆవిడ పైన గిలకతో తట్టలు లాగి మట్టి పారబోసేది. వయసుకు నాకు పెద్దమ్మ వరస అయినా ఆవిడను నేను అప్ప అనేదాన్ని. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ పనిలో ఒక పద్ధతి ఉండేది. ఏ రోజు మట్టిని ఆ రోజు వేరే కుప్పగా, పెరడు చుట్టూ వరసలో పోసేది. మొదటి రోజులవి ఎర్రమట్టి కుప్పలు, తరవాతవి గులకరాళ్ళు కలిసిన గరప, ఆ తరవాత పసుపు కలిసిన తెల్లసుద్ద. ఆ సుద్దగడ్డల్లో బట్ట మడతల్లాంటి చారలూ, మధ్యమధ్య దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి రవ్వలూ ఉండేవి. అవి ఏరుకుందామని నేను కుప్పల మీద పాకితే అప్ప కేకేసేది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

"ఓ గుంటా, కుప్పలు కలిపీకు. అవి కలిసిపోతే ఏ లోతులో ఏటున్నాదో నాకింక తెల్దు."

ఆరు నిలువులు దిగారు. అంటే ఆరుగురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినంత. తడి తగల్లేదు. ఆ మర్నాడు పొద్దున్న మేస్త్రి పైకొచ్చి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మా నాన్నతో అన్నాడు. "బావా, సుద్దలో పడిపోనాం. ఇది పిండిలాగ ఎండిపోయున్నాది. ఈ పూట సూసి ఆపీద్దాం. పెందుర్తిలో ఇంకో నుయ్యి ఒప్పుకున్నాను. మల్లీ వొచ్చే ఎండాకాలమే."

వచ్చే ఎండాకాలానికి అమ్మ చంకలో బిడ్డ, నెత్తిన బిందె. అమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని గెడ్డవైపు నడిచింది. ఆ నడక చూశాక నాకు ఒళ్ళంతా ఒకటే ఆలోచన. తడి కనపడితే ఆపరు కదా.

మధ్యాహ్నం అన్నాలు తిని పనివాళ్ళు జీడితోట నీడలో ఒరిగారు. నాన్న పశువుల దగ్గరికీ, అమ్మ మళ్ళీ గెడ్డకీ వెళ్ళారు. అరుగుమీద రెండు నిండు బిందెలున్నాయి. నేను చెంబుతో ముంచి, కాలీడ్చుకుంటూ వెళ్ళి, నూతి అంచున బోర్లా పడుకుని లోపల పోశాను. మళ్ళీ వచ్చాను, మళ్ళీ ముంచాను. ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. పోసినప్పుడల్లా సింహాద్రి అప్పన్నకు చెప్పుకున్నాను. ఇది అబద్ధం కాదు స్వామీ, నీకు గుర్తు చేస్తున్నాను, అంతే. రెండు బిందెలూ ఖాళీ అయ్యాయి. అరుగెక్కి ఏమీ ఎరగనట్టు పలక పట్టుకుని కూర్చున్నాను.

ముందు చూసింది మా నాన్నే. తిరిగొచ్చి అలవాటుగా నూతిలోకి వంగి, అలాగే ఉండిపోయాడు. అడుగంతా నల్లగా మెరుస్తోంది. "తడి తగిలినాదిరా" అని జీడితోటవైపు కేకేశాడు. అప్పుడే గెడ్డ నుంచి వచ్చిన అమ్మ బిందె దించకుండానే నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరచిపోయింది. పనివాళ్ళకు మంచినీళ్ళిద్దామని అరుగు మీదకు వచ్చి ఖాళీ బిందెలు చూసింది. దాహానికి వాళ్ళే తాగేసి ఉంటారనుకుంది. తెచ్చిన బిందె అక్కడ పెట్టి, ఖాళీది ఒకటి తీసుకుని మళ్ళీ బయల్దేరింది.

"ఈ ఒక్కసారేనే. రేపట్నుంచి మన నుయ్యే" అని నా తల నిమిరి వెళ్ళింది.

నా జన్మలో అంత బరువైన మాట నేను మళ్ళీ వినలేదు. అమ్మ మోసిన నీళ్ళే పారబోసి, అమ్మనే మళ్ళీ గెడ్డకు పంపాను. పలక వెనక మొహం దాచుకున్నాను.

జీడితోట నుంచి వచ్చిన అప్ప నూతిలోకి చూడలేదు, నేలమీద చూసింది. అరుగు నుంచి నూతి అంచుదాకా నీళ్ళ చుక్కలు. వాటి పక్కన ఒక పాదం ముద్ర, ఒక ఈడ్చిన గీత. మా ఇంట్లో అలా నడిచేది నేనొక్కదాన్నే. ఆవిడ ఎవరినీ పిలవలేదు. నూతి చుట్టూ తిరుగుతున్నట్టే తిరిగి, ఆ గుర్తులన్నీ కాలితో చెరిపేసింది. తరవాత నన్ను ఎత్తి చంకన వేసుకుని మేస్త్రితో అంది. "ఈ గుంటని అలగ కొండకాడికి తిప్పీసి వొస్తాను. నానొచ్చినదాకా దిగీకు."

"తడి సూడకుండా కొండకాడ ఏటుందే నీకు" అని ఆయన గొణిగాడు గానీ, చుట్ట వెలిగించుకుని కూర్చున్నాడు.

మా ఇంటి వెనక కొండకు ఒక పక్క రోడ్డు కోసం గరప తవ్వి తీసుకుపోయారు. కొండ అక్కడ కత్తితో కోసినట్టు నిలువుగా ఉండేది. అప్ప నన్ను దాని ముందు దించి, పైనుంచి కిందకు ఏం కనపడుతోందో చెప్పమంది. పైన ఎర్రమట్టి. దాని కింద గులకరాళ్ళ గరప. దాని కింద చారల సుద్ద. చెబుతూ చెబుతూ నేను ఆగిపోయాను. మా పెరట్లో కుప్పలు ఏ వరసలో ఉన్నాయో ఇక్కడా అదే వరస. ఆ ఎర్ర రవ్వలు కూడా ఉన్నాయి.

"మీ పెరడూ ఈ కొండా ఒకటే ఒల్లు గదమ్మా" అంది అప్ప. "ఇక్కడ కోసీసేరు గాబట్టి కనపడతంది. అక్కడ కప్పుకునున్నాది."

సుద్ద కింద ఏముందో చూడమంది. పసుపుగా, గోటితో గీస్తే రాలిపోయే రాయి. దాని కింద నల్లటి గట్టిరాయి. మెత్తరాయిని ఆవిడ కుళ్ళురాయి అంది. రాయి కూడా కుళ్ళుతుందా అని అడిగాను. ఎండకీ వానకీ ఏదైనా కుళ్ళుతుందనీ, నేను తొక్కే మట్టంతా ఒకప్పుడు రాయేననీ, ఎర్ర రవ్వలు మాత్రం మొండివి గనక అలాగే మిగిలిపోయాయనీ చెప్పింది. ఎన్నాళ్ళు పట్టింది అంటే నవ్వింది. "మీ తాత తాతకి కూడా ఇది మట్టేనే. దేవుడికి తొందరేటి?"

తరవాత నా చెయ్యి పట్టుకుని కుళ్ళురాయీ గట్టిరాయీ కలిసే చోట ఉన్న ఒక నెర్రెలో పెట్టించింది. ఆ మండుటెండలో చల్లగా తగిలింది. నెర్రె పొడుగునా పచ్చటి నాచు. వేళ్ళు తీసి చూస్తే తడి.

"ఈ గీతలు ఎటు వాలున్నాయో సూడు."

చూశాను. చారలన్నీ ఇంటి చూరులా మా ఊరివైపే వాలి ఉన్నాయి.

"మరి ఈ నీరు ఎటెల్తాది?"

"కిందకి."

"కిందేటున్నాది?"

"మా ఇల్లు."

అప్ప గోడకు ఆనుకుని నిలబడి, చేతులు పైకెత్తి సుద్ద మందం కొలిచింది. మూడు నిలువులుంది. మా నూతిలో సుద్ద తవ్వినవి మూడు కుప్పలే, అంటే రోజుకు అర నిలువు చొప్పున ఒకటిన్నర నిలువు. సుద్ద పిండిలా ఎండి ఉండడం సహజమేననీ, అది దాటాక ఉండేదే నీరనీ ఆవిడ లెక్క. అంతా చెప్పాక నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నువ్వు పోసిన తడి పొద్దుగూకేసరికి ఇంకిపోతాది. మీ నాన ఆశ కూడా దాంతోనే ఇంకిపోతాది. ఆ మీద నాను ఈ నెర్రె సూపించినా నమ్మడు. ముందు నువ్వు సెప్పీయాల. ఆ మీద నాను సెప్తాను."

నీళ్ళు వచ్చేస్తాయి కదా అప్పా అని ఏడుస్తూ అడిగాను. ఇంకెవరైనా అయితే తప్పకుండా వస్తాయనేవారు. ఆవిడ అనలేదు. "వొస్తాయని నాను సెప్పను. ఉండాలనిపిస్తంది. సూసిందేటో సూపిస్తాను, అంతే" అంది.

ఇంటికి వచ్చేసరికి నాన్న నూతిగట్టున కూర్చుని ఉన్నాడు. అమ్మ అప్పుడే బిందె దించింది. తడిసిన పరికిణీ అంచు నలుపుకుంటూ నేను చెప్పేశాను. మేస్త్రే ముందు నవ్వాడు. "బావా, నూతిలోంచి నీల్లు తోడినోల్లని సూసేను గానీ, నూతికి నీల్లు పట్టినోల్లని ఇదే సూడడం." నాన్న నవ్వలేదు. అమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఆ కాలుతో ఎన్నిసార్లు తిరిగేవే" అంది.

తను ఎన్నిసార్లు తిరిగిందో ఆవిడకు గుర్తే రాలేదు. అమ్మను తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు వినపడేది ఆ మాటే.

పొద్దుగూకేలోపల అప్ప మా నాన్నను కొండకోత దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన నెర్రెలో చెయ్యిపెట్టి చాలాసేపు ఉన్నాడట. తిరిగొచ్చి, ఇంకో రెండు నిలువులు చూద్దామన్నాడు. పెందుర్తి వాళ్ళు ఏమంటారోనని మేస్త్రి సణిగాడు. "మా ఇంటిది సెప్పీసినాది గదా, ఇంక నాకు నోరెక్కడిది" అంటూ మర్నాడు మళ్ళీ నూతిలోకి దిగాడు.

నాలుగో రోజున గునపం చప్పుడు మారింది. అప్పటిదాకా మెత్తగా దిగే గునపం టంగుమంది. ఉత్తరం వైపు, అంటే కొండవైపు, రాతి నెర్రెలోంచి సన్నగా నీరు దిగింది. సుద్ద కలిసి పాలలా తెల్లగా ఉంది. మొదటి చెంబు అప్పన్న పటం ముందు పెట్టి, రెండోది అమ్మ అప్ప చేతుల్లో పోసింది. అప్ప ఆ నీళ్ళు మొహాన చల్లుకుని, మిగిలిన తడిచేత్తో నా బుగ్గ తుడిచింది. వారం గడిచేసరికి నీళ్ళు తేటపడ్డాయి. మా తమ్ముడికి తొలిస్నానం ఆ నీళ్ళతోనే.

అప్పను మళ్ళీ చూడలేదు. పెళ్ళయి విశాఖ వచ్చాను. మా వారిది పోర్టులో ఉద్యోగం. కొత్తలో నన్ను రుషికొండ తీసుకువెళితే, అల వెనక్కి తగ్గినచోట ఇసకమీద ఎర్రటి చార ఒకటి కనిపించింది. వంగి చూస్తే అవే రవ్వలు, నలిగి నలిగి సన్నబడి. కొండల్లోంచి గెడ్డల్లో కొట్టుకొచ్చి ఇక్కడ చేరాయన్నమాట. మావారు గవ్వలేరుతున్నాననుకున్నారు.

ఇప్పుడు మా మనవరాలు కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుతోంది. మా కొండల రాయిని ఖొండలైట్ అంటారట. కోట్ల ఏళ్ళ కిందట అది సముద్రం అడుగున పేరుకున్న బురదేనట. భూమి లోపలికి పోయి, వేడికీ ఒత్తిడికీ రాయై, పైకి లేచి, కుళ్ళి, మట్టై మళ్ళీ సముద్రానికే వెళుతోందట. పుస్తకంలో బొమ్మ చూపిస్తూ, "నీకు ముందే తెలుసేటి నానమ్మా?" అంది. ఒకావిడ చెప్పిందన్నాను.

అప్ప కొండకోత చూపించిన రోజు నుంచే నా ప్రార్థన మారింది. లేనిది చూపించమని స్వామిని అడగడం మానేశాను. ఆయన ఎప్పుడో పెట్టి ఉంచినది కనపడేలా చెయ్యమని అడుగుతాను. ఆసుపత్రి వరండాల్లోనో, పరీక్ష తప్పిన పిల్లల దగ్గరో ధైర్యం చెప్పవలసి వచ్చినప్పుడు, అంతా బాగైపోతుందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, వాళ్ళ పక్కన కూర్చుని నిజంగా ఆశపడదగ్గది ఏముందో వెతుకుతాను. ఎంతో కొంత దొరుకుతుంది. దొరికినంత చెప్పి, దొరకనిదానికి దండం పెట్టుకుంటాను.